పదం పక్కన చూపు

పదాన్ని చూడాలంటే పదం పక్కకు చూడాలి. ఈ కిటుకు ఆమెకు ఎవరూ నేర్పలేదు. కావలసిన మాటకు ఎడమ పక్కన, రెండు మాటల అవతల చూపు నిలబెడితే అసలు మాట చూపు అంచున కాసేపు నిలుస్తుంది. నేరుగా చూస్తే అక్కడ ఏమీ ఉండదు. చీకటి కూడా ఉండదు. తడిగుడ్డతో తుడిచిన పలక మీద మిగిలిన మరక లాంటిది ఒకటి ఉంటుంది. అది ఎటు చూస్తే అటు వస్తుంది.

కప్పును చూస్తే కప్పు పోయి సాసరు మిగులుతుంది. గడియారాన్ని చూస్తే ముళ్ళు పోయి చుట్టూ అంకెలు మిగులుతాయి. మాస్టారిని చూస్తే రెండు చెవులూ చొక్కా కాలరూ మిగులుతాయి. మాస్టారంటే ఆమె భర్త. పెళ్ళైన కొత్తలో ఆయన దగ్గర చదువుకునే పిల్లలు పిలిచే పిలుపు విని, పక్కవాళ్ళతో ఆమె కూడా అలాగే అనేది. అదే ఖాయమైంది. ఎదురుగా మాత్రం ‘ఏమండీ’.

కళ్ళ సంగతి మాస్టారికి చెప్పలేదు. చెబితే ఆ కుర్చీ పోతుంది.

ఆ కుర్చీ ముందుగదిలో, కిటికీ పక్కన వేసిన బల్లకు ఒక వైపున ఉంది. రెండో వైపు కుర్చీ ఆయనది. ఆయన కాలేజీలో ప్రాచీన గ్రీకు చెప్పేవాడు. చేరేవాళ్ళు లేక ఆ క్లాసు ఎత్తేశాక ఇంట్లో కూర్చుని గ్రీకు క్రియల పుస్తకం మొదలుపెట్టాడు. మన భాషలో చదువుకునేవాళ్ళ కోసం. ఒక్కో క్రియకు ఒక్కో పేజీ. పైన క్రియ. కింద దాని రూపాలు: చేస్తున్నాను అంటే ఎలా, చేస్తాను అంటే ఎలా, చేశాను అంటే ఎలా, చేసేసి ఉన్నాను అంటే ఎలా. ఆ కింద అర్థం, దాని కింద ఉదాహరణ. ఆయన చిత్తు రాస్తే ఆమె సాపు రాసింది. ఆయన మనసు మార్చుకున్నప్పుడల్లా మళ్ళీ రాసింది. అలా రాసీ రాసీ సగం పుస్తకం ఆమెకు నోటికొచ్చేసింది.

ప్రెస్సు నుంచి ప్రూఫులు రావడం మొదలయ్యాక పని ఇలా సాగేది. ఆమె రాతప్రతి ముందు పెట్టుకుని పైకి చదువుతుంది. ఆయన ప్రూఫు మీద పెన్సిలు పెట్టి వెంట వస్తాడు. గ్రీకు అక్షరాల నెత్తిన గీతలుంటాయి. గీత తప్పితే మాట తప్పినట్టే. ప్రతి గీతకూ పేరు చెబుతూ పోతే పేజీ తెమలదని ఆమె ఒక పద్ధతి పెట్టింది. పైకి లేచే గీతకు వేలి కణుపుతో బల్ల మీద ఒక తట్టు. కిందికి వాలే గీతకు రెండు. వంపు గీతకు మూడు. నోరు అక్షరాలు చదువుతుంటే చెయ్యి గీతలు చదివేది. ఫోనులో ఆ చప్పుడు విన్న ప్రెస్సు యజమాని ఆమెకు టకటకమ్మ అని పేరు పెట్టాడు. ఆమె చెల్లెలు ఇంకో మాట అనేది.

“మీరిద్దరూ చేసేది కాపురమా, కమ్మరి కొట్టా?”

పని మొదలైన రోజుల్లో ప్రెస్సు యజమాని ఒకసారి ఇంటికొచ్చి, తన దగ్గర ప్రూఫులు చదివే రీడరమ్మాయి, గ్రీకు అక్షరాలు వచ్చినది, ఉందన్నాడు. పంపిస్తానన్నాడు. అమ్మగారికి ఈ శ్రమ ఎందుకన్నాడు. ఆమె వంటింట్లో ఉంది.

“మా ఇంట్లో రీడరుంది,” అన్నాడు మాస్టారు. అంతే. ఇంకో మాట లేదు.

ఆయన పొగిడే మనిషి కాదు. అంతకుముందు అచ్చయిన ఒక పాఠ్యపుస్తకంలో ఒక అక్షరం మీద గీత పడలేదని పదహారు పేజీల ఫారం మొత్తం మళ్ళీ వేయించిన మనిషి. అలాంటివాడు అన్న మాట అది. ఇప్పుడు ఆ కుర్చీలోంచి లేస్తే, పొద్దున్న టిఫిను గిన్నెలు కడిగాక ఈ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు.

అందుకని మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ ఆమె భూతద్దం తీసేది. కుర్చీలో దిండు కింద దాచిన అద్దం. మర్నాడు చదవాల్సిన పేజీలు తీసుకుని, కిటికీ వెలుతురులో పెట్టి, మాట పక్కకు చూస్తూ, ఒక్కో మాటా అంచున పట్టుకునేది. ఒక్క పేజీకే మెడ పట్టేసేది. నోటికొచ్చిన పేజీలైతే అంత అవసరం లేదు. మొదటి మాట దొరికితే చాలు, మిగతాది దారం వెంట వచ్చేసేది. మర్నాడు కాగితం ఎదుట పెట్టుకుని, కళ్ళు దాని మీద వాల్చి, చదివినట్టే అప్పజెప్పేది. మధ్యలో ఒకటి రెండు చోట్ల తడుముకునేది కూడా. తడుముకోకుండా చదివితే అనుమానం వస్తుందని.

చెల్లెలికి మాత్రం తెలుసు. కంటాసుపత్రికి తీసుకెళ్ళేది ఆమే.

కప్పా అక్షరం క్రియలు పూర్తయి తర్వాతి అక్షరం లామ్డాలోకి వచ్చిన వారంలో మళ్ళీ వెళ్ళారు. చెల్లెలు కుట్టుమిషను కొనుక్కుంటోందనీ, చూడ్డానికి తోడు వెళుతున్నాననీ మాస్టారికి చెప్పింది. ఆయన తలెత్తకుండా “ఊఁ” అన్నాడు.

డాక్టరమ్మ కళ్ళల్లో చుక్కలు వేసి, దీపం పెట్టి చూసి, చాలాసేపు రాసుకుంది.

“రెండు కళ్ళకీ మధ్యలోనే. మచ్చ ఇంకొంచెం పెరిగింది. మందుకి లొంగే రకం కాదమ్మా. అంచులు మాత్రం ఉంటాయి. నడుస్తారు, వంట చేసుకుంటారు, ఎదురుగా మనిషొస్తే తెలుస్తుంది.”

“ఎవరో తెలుస్తుందా?” అంది చెల్లెలు.

“గొంతు వింటే తెలుస్తుంది.”

“చదవడం మానేయమంటారా?” అని అడిగింది ఆమె.

“మీరు మానక్కర్లేదమ్మా. కొన్నాళ్ళకి అదే మానేస్తుంది.”

బస్సు కోసం నిలబడ్డప్పుడు చెల్లెలు ఆమె మోచెయ్యి పట్టుకుంది. బస్సు నంబరు ఆమెకు కనపడదు.

“బావగారికి చెప్పెయ్యక్కా.”

“చెబుతాలే. లామ్డా అయిపోనీ.”

“మొన్న కప్పా అయిపోనీ అన్నావు. మొత్తం ఎన్నున్నాయి ఆ భాషలో అక్షరాలు?”

“ఇరవై నాలుగు.”

“అయినవెన్ని?”

“పది.”

“అంటే ఇంకా పద్నాలుగు అబద్ధాలు. ఇన్ని కుట్టుమిషన్లు నేనెక్కడ పెట్టుకోనే తల్లీ.”

ఆమెకు నవ్వొచ్చింది. చుక్కలు వేసిన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అవి నవ్వు నీళ్ళో, మందు నీళ్ళో, ఇంకేవో చెల్లెలు అడగలేదు.

ఇంటికొచ్చేసరికి మాస్టారు బల్ల దగ్గర రాసుకుంటున్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని రాసుకుంటున్నాడు. ఆమె రావడం చూసి లేచి తన కుర్చీలోకి మారాడు.

“కుదిరిందా మిషను?”

“రంగు నచ్చలేదండీ దానికి.”

ఆయన మళ్ళీ రాతలో పడ్డాడు.

తర్వాతి వారం కొత్త ప్రూఫులు వచ్చాయి. పొద్దున్నే కూర్చున్నారు. ‘లంబనో’ అనే క్రియ అయింది. తీసుకొను అని దాని అర్థం. ఆమె ఆ కాగితం బోర్లించి పక్కన పెట్టి, కింది కాగితం మీద చెయ్యి ఆనించింది. దాని తర్వాత ‘లంథనో’. అది ఆమెకు కంఠతా వచ్చు. నాలుగుసార్లు సాపు రాసిన పేజీ. నిన్న మధ్యాహ్నం దాని కోసం భూతద్దం తీయను కూడా లేదు.

“లంథనో.” టక్. “లేసో.” టక్. “ఎలథొన్.” టక్. “లెలేథ.” టక్.

అన్నీ పైకి లేచే గీతలే. తేలికైన పేజీ.

“అర్థం: దాగు, కనపడకుండా ఉండు. ఉదాహరణ: దొంగ కావలివాడి కంట పడకుండా లోపలికి పోయెను.”

మామూలుగా ఒక్కో వరుస అయ్యాక ఆయన పెన్సిలు దాని చివర చిన్న గుర్తు పెడుతుంది. ఆ చప్పుడు వినే ఆమె ముందుకు పోతుంది. ఈసారి చప్పుడు రాలేదు.

“ఇంకోసారి చదువు,” అన్నాడు.

ఆమె ఇంకోసారి చదివింది. దాగు, కనపడకుండా ఉండు. దొంగ, కావలివాడు.

అప్పుడు పెన్సిలు కదిలింది. కాగితం ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక గీత. దాని కింద ఇంకోటి. ఇంకోటి. తర్వాత రాయడం మొదలైంది. రాస్తూనే ఉన్నాడు.

“అన్ని తప్పులా?”

“ప్రెస్సువాళ్ళు ఏదో కలిపేశారు. సరిచేస్తున్నా.”

“బాగుంది. కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చునేది మనమూ, కలిపేసేది వాళ్ళూనా?”

ఆయన నవ్వలేదు. పెన్సిలు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“ఈ పూటకి చాలు,” అన్నాడు. లేచి వెళ్ళి తనే టీ పెట్టాడు. కప్పు తెచ్చి బల్ల మీద పెట్టలేదు. చేతికిచ్చాడు, పిడి ఆమె వేళ్ళకు తగిలేలా తిప్పి.

ఆ తర్వాత రోజుల్లో అలాంటివి ఇంకొన్ని జరిగాయి. గుమ్మం దాటేటప్పుడు ముందు నడిచి “మెట్టుంది” అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఉన్న మెట్టే అది. కూర తరిగే చాకు రోజూ ఒకే చోట కనిపించేది.

“వయసు మీద పడేకొద్దీ మర్యాద వస్తోంది మీకు,” అంది ఒకరోజు.

“ఆలస్యంగా వచ్చింది,” అన్నాడాయన.

ప్రెస్సు యజమాని ఒక సాయంత్రం సంచీ తగిలించుకుని వచ్చాడు. టీ కప్పు అందుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మాస్టారూ, మా డీటీపీ అమ్మాయి మీ మీద అలిగింది.”

“దేనికి?”

“దేనికంటారేంటి. పాత పేజీ తీసేసి ఇది పెట్టమ్మా అని మీరే కొత్త పేజీ పంపారు. పెట్టింది. ప్రూఫులో మీరే దాన్నంతా కొట్టేసి, పక్కన మళ్ళీ పాతదే చేత్తో రాసి పంపారు. ఒక్క గీత కోసం ఫారం మొత్తం మళ్ళీ వేయించిన మనిషి ఇలా ఊగుతాడా అని దాని గోల. ఏది ఉంచమంటారు?”

“పాతదే.”

“కొత్తదే బాగుంది సార్. గ్రీకు ముక్క రానివాణ్ణి, నాకే అర్థమైంది.”

“పాతదే అన్నాగా.”

ఆమె కప్పు పట్టుకుని నిలబడి ఉంది. “ఏ పేజీ బాబూ?”

“లంథనో అమ్మా.”

ఈ పుస్తకంలో ఆమె సాపు రాయని పేజీ లేదు. కొత్త పేజీ ఒకటి ఉందంటే అది ఆమె చేతి మీదుగా రాలేదు. పంపింది ఆయనే అయితే రాతప్రతిలోనూ పెట్టే ఉంటాడు, ఆ రోజు ఆమె ముందున్నది అదే అయి ఉండాలి. మరి ఆ రోజు తను చదివిందేమిటి? రెండుసార్లు చదివిందేమిటి?

“కొత్తది ఏముంది అందులో?” అంది.

ప్రెస్సు యజమాని సంచీలోంచి కాగితం తీశాడు. “మీరే చదవండమ్మా. టకటకమ్మగారి నోట వింటే సారే ఒప్పుకుంటారు.”

ఆమె కాగితం అందుకుంది. కిటికీ వైపు తిరిగింది. ఎడమ పక్కకు చూసింది. అంచున ఏదో మాట నిలబడబోయి పోయింది. కాగితం కుదురుగా లేకపోతే అంచు కూడా నిలవదు. ఇంకాస్త పక్కకు చూసింది. ప్రెస్సు యజమాని టీ తాగుతూ ఎదురుచూస్తున్నాడు. ఆమె గొంతు సవరించుకుంది. చెప్పడానికి నోటికి ఏమీ రాలేదు. ఈ పేజీ ఆమెకు రాదు.

మాస్టారు లేచి వచ్చి ఆమె చేతిలోంచి కాగితం తీసుకున్నాడు.

“నేను చదువుతా,” అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆయన చదవగా ఆమె వినడం అదే మొదటిసారి. ఆయన తట్టడమూ మొదటిసారే. మాట అయిపోయాక గుర్తొచ్చి తట్టేవాడు.

“లంథనో.” టక్. “ఒకరికి తెలియకుండా ఉండు, ఒకరి గమనానికి రాకుండా జరుగు. ఈ క్రియకు దాగు అని అర్థం చెప్పడం సరికాదు. ఇదివరకు నేనూ అలాగే చెప్పాను. దాగడానికి దాగేవారి ఉద్దేశం కావాలి. ఈ క్రియకు అది అక్కరలేదు. చూడవలసినవారు చూడకపోతే చాలు.”

ఆగాడు. గుక్క తిప్పుకున్నాడు.

“ఉదాహరణ: ఇంట్లో దీపం, నూనె అయిపోతూ, ఇంటివాడి కన్ను తప్పింది.”

కాగితం బల్ల మీద పెట్టిన చప్పుడు. ప్రెస్సు యజమాని ఇటూ అటూ చూసి ఉంటాడు. కుర్చీ జరిగింది. రేపు ఫోన్ చేస్తాను సార్ అన్నాడు.

“రేపెందుకు బాబూ,” అంది ఆమె. “కొత్తదే ఉంచండి.”

అతను వెళ్ళాక ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. బయట వీధి దీపాలు వెలిగాయి. ఇంట్లో ఎవరూ లేచి లైటు వేయలేదు.

“ఎప్పుడు తెలిసింది?” అంది.

“నువ్వు మిషను చూడ్డానికి వెళ్ళిన రోజు. రబ్బరు కోసం నీ వైపు వచ్చాను. ముందురోజు నువ్వు చదివిన కాగితాలు అక్కడే ఉన్నాయి. నువ్వు ఎలా పెట్టుకున్నావో అలాగే ఉన్నాయి. ఒకటి తలకిందులుగా ఉంది.”

ఆమె చెయ్యి కుర్చీలో దిండు అంచు పట్టుకుంది.

“ఆ పేజీ గడగడా చదివావు. నాకు గుర్తుంది. వంపు గీతకి మూడు తట్లు కూడా సరిగ్గా తట్టావు. దిండు ఎత్తితే అద్దం కనపడింది.”

“అడగలేదేం మరి?”

“నోరు రాలేదు. ఎదురుగా కూర్చుని, ఈ బల్లకి అటూ ఇటూ, అక్షరం మీద గీత లేకపోతే కనిపెట్టేవాణ్ణి. ఎదుటి మనిషి సంగతి కాగితం తిరగబడితే గానీ తెలియలేదు. ఎలా అడగను? అందుకని రాశాను. నీ ముందు కాగితాల్లో పెట్టాను. చదివితే, నాకు తెలుసని నీకు తెలుస్తుంది కదా అనుకున్నాను. చదవలేవని తెలిసే పెట్టాను చూడు. బుర్ర పనిచెయ్యలేదు.”

“పాతది చదివితే ఆపాల్సింది.”

“రెండోసారి చదవమన్నాను. మళ్ళీ అదే చదివావు. ఆపబుద్ధి కాలేదు. చదవనీ అనుకున్నాను.”

“తప్పు అర్థం అచ్చయ్యేది.”

“అయితే అవనీ.”

“మీరు అనాల్సిన మాట కాదది.”

ఆమె మొహం తిప్పి కిటికీ వైపు చూసింది.

“కోపమొస్తే తిట్టు. అటు తిరక్కు. ఇటు చూడు.”

“మిమ్మల్నే చూస్తున్నా,” అంది ఆమె.

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కదలకుండా కూర్చున్నాడు. వీధి దీపం వెలుతురులో, చూపు అంచున, ఆయన మొహం కొంచెం నిలబడింది. గడ్డం సరిగ్గా గీసుకోలేదు. చిక్కిపోయాడు. ఎన్ని నెలలైందో ఆ మొహం చూసి. చూద్దామని కళ్ళు అటు తిప్పబోయింది. తిప్పితే పోతుందని గుర్తొచ్చి, కిటికీనే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు ప్రెస్సు నుంచి ఆ రీడరమ్మాయి రావడం మొదలైంది. నెమ్మదస్తురాలు. వచ్చిన రోజున ఏ కుర్చీ అని అడిగింది. మాస్టారు కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు. వంటింట్లోంచి ఆమే వచ్చి చూపించింది. దిండు తీసేసి లోపలికి తెచ్చుకుంది.

“తట్టడం నేర్పుతారా అమ్మా?” అని అడిగింది రీడరమ్మాయి. “సార్ చెప్పారు.”

“ఎందుకమ్మా, నీకు అలవాటైనట్టే చదువు.”

ఆ అమ్మాయి నోటితోనే చెప్పేది. పైకి, కిందికి, వంపు. వంటింట్లోకి స్పష్టంగా వినపడేది. ఆమె గిన్నెలు కడుగుతూ వినేది. తెలిసిన పేజీ వస్తే చేతిలో పని ఆగి, తడిచేత్తోనే కణుపు గట్టు మీద ఆడేది. టక్. టక్. అలాంటప్పుడు ముందుగదిలో రీడరమ్మాయి గొంతు ఒక్క క్షణం తగ్గేది. మాస్టారే తగ్గించమనేవాడేమో, ఆమె అడగలేదు.

కానీ ఆయన ఇప్పుడు చాలా పేజీలు మళ్ళీ రాస్తున్నాడు. ఏ క్రియను చూసినా అర్థం సరిపోలేదంటున్నాడు. సాపు ఆ అమ్మాయే రాస్తోంది.

ఒక పొద్దున్న ‘లెయిపో’ దగ్గరకు వచ్చారు. విడిచిపోవు అని ఆమె రాసిన అర్థం. రూపాలన్నీ ఆమె చెయ్యి తట్టింది. అర్థం దగ్గరకు వచ్చేసరికి ఆ అమ్మాయి చదివే మాటలు వేరు. ఆమె ఎన్నడూ రాయనివి. చెయ్యి గట్టు మీద ఆగింది. కొళాయి కట్టేసి నిలబడి విన్నది. రీడరమ్మాయి చదువుతూ పోయింది. ఒక్కో వరుస చివరా మాస్టారి పెన్సిలు చప్పుడు చేసింది.